మొదటి మంట

"రా తల్లీ, ఈ గీత మీద నిలబడు. లెక్క కట్టినవాళ్లే మొదటి మంట చూడాలి, మా దగ్గర అదే పద్ధతి," అన్నాడు పెద్ద ఇంజనీరు, తనూ పక్కన నిలబడుతూ.

కొత్తవాళ్లను ఆటపట్టించడం కాబోలనుకుంది ఈమధ్యే ఇంజనీరుగా చేరిన ఆమె. ఫ్యాక్టరీలో మిగిలిన గ్యాసును పైన కాల్చేసే ఆ గొట్టం ఎత్తు లెక్కగట్టింది తనే. గీత దగ్గర సెగ తగలదని రాసిందీ తనే.

ఇంతలో గొట్టం వైపు నుంచి ఎదురుగాలి విసిరికొట్టింది.

"సార్, ఆపించండి! గాలే లేదనుకుని లెక్కేశాను. మంట మన మీదికి వాలుతుంది!"

"వెలిగించొద్దు!" ఆయన ఫోన్లో అరిచాడు.

ఆమె ఆయన వైపు తిరిగింది. "మీకు ముందే తెలుసా సార్?"

"తెలిస్తే ఇక్కడ నిలబడతానా? నీ లెక్క రెండుసార్లు చూసి మరీ సంతకం పెట్టాను." ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "కాగితం మీద గాలి వీయదు కదమ్మా. అందుకే మనల్ని ఇక్కడ నిలబెట్టేది."