ముందువరుస సమీక్ష

“వీడెవడో నా చేతికి దొరకాలి, అసలు ఫైటంటే ఏమిటో చూపిస్తాను!” ఫైట్ మాస్టర్ పేపరును సోఫాలోకి విసిరికొట్టాడు.

కొడుకు చొక్కాకు గుండీ కుడుతున్న తల్లి తలెత్తలేదు. “ఏం రాశారేమిటి?”

మాస్టర్ మళ్ళీ పేపరు తీసి గట్టిగా చదివాడు. “పోయిన చెప్పు వెతుక్కుంటూ, ఎదురొచ్చిన ప్రతి రౌడీనీ ‘నా చెప్పు చూశావా?’ అని మర్యాదగా అడిగి మరీ చితకబాదే హీరోని చూసి కడుపుబ్బ నవ్వాను. కానీ రక్తం బకెట్లతో కుమ్మరించారు. అందులో కాలుజారి నవ్వు కాస్తా పడిపోయింది... విన్నావా? ఆ ఫైటు కోసం ఒళ్ళు హూనం చేసుకున్నామమ్మా!”

“ఉన్నమాటేగా. గొడ్డలి సీను దగ్గర నేనూ కళ్ళు మూసుకున్నాను.”

“నువ్వు నా తల్లివేనా?”

“కాబట్టే చివరిదాకా కూర్చున్నాను. ఇంకేం రాశారు?”

“మేడ మీంచి దూకింది హీరో కాదు, ఫైట్ మాస్టరే. మోకాలు బాగాలేని మనిషికి ఈ వయసులో ఆ గెంతులేమిటి? సినిమాకు మూడు స్టార్లు, మాస్టర్ దూకుడుకు రెండు మొట్టికాయలు.” చదువుతూనే అతని చెయ్యి మోకాలి మీదికి పోయింది. “ముసుగేసుకున్నాను, మొహమే కనపడలేదు! మా యూనిట్లోవాడే ఎవడో ఊది ఉంటాడు.”

“ఎవరూ ఊదక్కర్లేదు. నీ నడక చూస్తే తెలియదూ?” తల్లి దారం పంటితో కొరికింది. “అయినా అందులో తిట్టేముంది? పాపం, నీ మీద బెంగపడ్డట్టుంది.”

మాస్టర్ కాస్త మెత్తబడ్డాడు. నిజమే, ఇన్నేళ్ళలో ఏ విమర్శకుడూ అతని మోకాలి ఊసెత్తలేదు. కానీ మొట్టికాయలు గుర్తొచ్చేసరికి మళ్ళీ పౌరుషం పొడుచుకొచ్చింది. పత్రికాఫీసుకు ఫోన్ కలిపాడు.

“ముందువరుస అనే పేరుతో రాసేవాడెవడండీ? వాడితో మాట్లాడాలి.”

“వాడు కాదు సార్, ఆవిడ,” సంపాదకుడు నవ్వాడు. “తిట్టనని మాటిస్తే ఇప్పుడే కలుపుతాను.”

“ఆవిడా?” మాస్టర్ గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. “అయ్యో, తిట్టడమేమిటండీ! నా మోకాలి సంగతి ఎలా కనిపెట్టారో అడుగుతానంతే.”

“అయితే లైన్లో ఉండండి.”

మాస్టర్ గొంతు సవరించుకుని, వినయంగా నిలబడ్డాడు.

పక్కనే తల్లి ఫోను మోగింది.