పదకొండు నుంచి మూడు దాకా

పగటిపూట జంటలకి గంటల లెక్కన రూములిచ్చే హోటల్లో పద్నాలుగేళ్లుగా రిసెప్షన్ నాది. వచ్చినవాళ్లు మొగుడూ పెళ్లాలా కాదా అన్నది ఆధార్ కార్డులు చూడకుండానే చెప్పేస్తాను. పెళ్లామైతే తాళం అందుకుంటూ "గీజర్ పనిచేస్తుందా?" అని అడుగుతుంది. మిగతావాళ్లకి వేన్నీళ్ల ధ్యాస ఉండదు.

ఇవాళ వచ్చినావిడ అడగలేదు. ఆయన చెవిలో ఏదో చెబితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇదీ ఆ బాపతే అనుకున్నాను.

కార్డులు చూస్తే ఇద్దరిదీ ఒకటే ఇంటి నంబరు.

"పెళ్లయి ఇరవై రెండేళ్లండీ," అన్నాడాయన, నేనడక్కుండానే. "ఇంట్లో మా అమ్మ, ముగ్గురు పిల్లలు. గోడలకి చెవులుంటాయంటారు గానీ, మాకు గోడలే తక్కువ."

వాళ్లు మెట్లెక్కాక మా ఆవిడకి ఫోన్ చేశాను.

"గురువారం నాకు సెలవు. పన్నెండో నంబరు రూము ఖాళీగా ఉంది. వస్తావా?"

"ఎవరికి చెయ్యబోయి ఎవరికి చేశారు?"

"నీకే."

అవతల తలుపు వేసిన చప్పుడైంది. అప్పుడు గొంతు బాగా తగ్గించి అడిగింది.

"గీజర్ పనిచేస్తుందా?"

పద్నాలుగేళ్లుగా ఆ ప్రశ్నకి కుర్చీలోంచి కదలకుండా "భేషుగ్గా" అంటూ వచ్చాను. ఈసారి లేచి, మెట్లెక్కి, కుళాయి తిప్పి, కింద చెయ్యి పెట్టి చూశాను.

చన్నీళ్లే.

గురువారం లోపు బాగుచెయ్యమని అప్పట్నుంచీ మెకానిక్ ప్రాణం తీస్తున్నాను.