గాలికి ముఖం పెట్టిన గురువు

మడుగు మీదికి వంగిన ఈత చెట్టు మీద ముసలి గిజిగాడు పిల్లలకు గూళ్లు అల్లడం నేర్పేవాడు. గూడు ఎప్పుడూ తూర్పు మట్టకే కట్టాలని ఆయన నియమం.

"ఎందుకండీ?" అని అడిగింది కీచు అనే పిల్ల.

"మా తాత కట్టాడు, నేను కట్టాను. మాటలాపి పోగు లాగు."

కీచు పడమటి మట్టకు కట్టి చూసింది. తొలకరి గాలి పడమటి నుంచే వచ్చి ఆ గూటిని మడుగులో పడేసింది. తోటి పిల్లలు పడీ పడీ నవ్వారు.

"చెప్తే విన్నావా?" అన్నాడు గురువు.

ఎందుకో తెలిసింది కాబట్టి కీచు కూడా తూర్పునే కట్టుకుంది. కానీ రోజూ మట్ట కొసన ఊగుతూ గాలిని గమనించేది.

వానలు వెనకబట్టాక ఒకరోజు, "గాలి తిరిగిందండీ, తూర్పు నుంచి వస్తోంది" అంది.

"తూర్పంటే తూర్పే" అన్నాడు గురువు.

కీచు ఒక్కతే పడమటికి మారింది. తుఫానుకు తూర్పు గూళ్లన్నీ నీళ్లపాలయ్యాయి.

తెరిపిచ్చాక ముసలి గిజిగాడు తడిసిన రెక్కలతో కీచు దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడు ఎటు కట్టాలో చెప్పు."

"నాకూ తెలీదండీ. రండి, చూద్దాం."

ఆయన జీవితంలో మొదటిసారి మట్ట కొసకు వెళ్లి, గాలికి ముఖం పెట్టి కూర్చున్నాడు.