ముల్లు లేచేదాకా

"బండి తియ్యవే!" వెనక సీట్లోంచి మేష్టారు అరిచారు.

"తీస్తానండీ. ఇంజిన్ వేడెక్కనివ్వండి," అంది భార్య.

తాళం తిప్పి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. పక్కింటి కారు మీద మంచు తెల్లగా పేరుకుంది. వీధి పిల్లి ఒకటి వీళ్ళ కారు బానెట్ మీద ముడుచుకుని పడుకుంది. ఇంజిన్ మోతకి ఒక కన్ను తెరిచి, మళ్ళీ మూసుకుంది.

"అమ్మాయి రైలెక్కేస్తుందే! ఆ రైలు కదిలిందంటే ఇక దాన్ని ఆపలేం."

"దార్లో మన కారే ఆగిపోతే అసలే ఆపలేం. ఈ మాట మీరు చెప్పిందే."

చెప్పిన మాట నిజమే. లెక్కల మేష్టారికి కారంటే ప్రాణం. చలికాలంలో ఇంజిన్ వేడి చూపించే ముల్లు మధ్యకు లేచేదాకా చక్రం కదలకూడదన్నది ఆ ఇంటి చట్టం. ఇప్పటి ఇంజిన్లకి అంతసేపు అక్కర్లేదు మహాప్రభో అని మెకానిక్ మొత్తుకున్నా వినలేదు. వీధిలో ఆయన్ని అందరూ ముల్లు మేష్టారనే అంటారు. మొన్న ఆ కారుని కడుగుతూనే జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నారు. భుజం దాకా పిండికట్టు. లేకపోతే స్టీరింగ్ భార్య చేతికిచ్చే మనిషి కాదు.

కూతురికీ ఆ పిచ్చే వచ్చింది. చిన్నప్పుడు నాన్న బానెట్ ఎత్తితే చాలు, అన్నం మానేసి పక్కన నిలబడేది. ఇప్పుడు ఓడ ఇంజిన్ల చదువులో సీటు సంపాదించింది. రేపటికల్లా రేవు పట్టణం వెళ్ళి చేరాలి. చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"ఆడపిల్లకి ఇంజిన్లేమిటి? నా కంఠంలో ప్రాణం ఉండగా గడప దాటడానికి వీల్లేదు," అని తేల్చేశారు మేష్టారు. రాత్రి నొప్పి మాత్ర వేసుకుని నిశ్చింతగా నిద్రపోయారు. లేచి చూస్తే అమ్మాయి గది ఖాళీ. పెట్టె కూడా లేదు. అటువైపు వెళ్ళేది పొద్దున ఒక్కటే రైలు.

అంతే, పడుకున్న పైజామాతోనే పరిగెత్తుకొచ్చి కారెక్కారు. కళ్ళజోడు కూడా మర్చిపోయారు. ఆవిడ మాత్రం అప్పటికే స్వెటరూ బూట్లూ వేసుకుని ఉంది.

"ముల్లు ఎక్కడుంది?" మెడ సాచి, కళ్ళు చికిలించి అడిగారు.

"అడుగునే ఉందండీ."

"ఉంటే ఉంది. పోనియ్యి!"

"అమ్మో! 'ఇంజిన్ అంటే గుండెకాయ. నిద్ర లేపీ లేపగానే పరిగెత్తించకూడదు.' ఎవరండీ అన్నది?"

మేష్టారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "వేళాకోళానికి ఇదా సమయం? అక్కడ పిల్ల చెయ్యి జారిపోతోంది!"

"ఆ రోజూ పిల్లే కదండీ." ఆవిడ గొంతు మారింది. "దానికి నాలుగేళ్ళు. ఒళ్ళు పేలిపోయే జ్వరం. ఆసుపత్రికి పదండి అంటే, ముల్లు లేవందే కదలనన్నారు. వణికిపోతున్న పిల్లని గుండెకి హత్తుకుని మన పాత కార్లో కూర్చున్నాను. నోరెత్తలేదు. ఇవాళ మీరు కూర్చోండి."

పెళ్ళయ్యాక ఆవిడ మేష్టారితో అంతసేపు మాట్లాడటం ఇదే మొదలు.

అటుగా నడుస్తూ వచ్చిన ఎదురింటి దర్జీ, మఫ్లర్ సర్దుకుంటూ కారు దగ్గర ఆగాడు. "ఏం మేష్టారూ, ముల్లు లేచిందా?"

రోజూ అడిగేదే. రోజూ నవ్వి ఊరుకునే మేష్టారు ఇవాళ పళ్ళు నూరారు.

"లేవలేదన్నయ్యగారూ," భార్యే చెప్పింది.

"నేను దిగి ఆటోలో పోతా!" అంటూ తలుపు తీశారు మేష్టారు. చలిగాలి పైజామాలోకి దూరింది. ఖాళీ వీధిని అటూ ఇటూ చూసి తలుపు వేసేసుకున్నారు.

"కావాలనే చేస్తున్నావు కదూ?"

"అవును. కావాలనే." ఆవిడ మొదటిసారి వెనక్కి తిరిగింది. "అది వెళ్తుంది. చదువుతుంది. ఇంత కారు కాదు, కొండంత ఓడ ఇంజిన్‌ని అదిలిస్తుంది. మీ కోపమంతా నా మీద చూపించండి. దాని జోలికి మాత్రం పోకండి."

"ఇంటికి పద, నీ సంగతి చెప్తా."

"ఇంటి ముందే ఉన్నాం కదండీ. చెప్పండి."

మేష్టారు ఏదో చెప్పబోయారు. అంతలో దూరంగా రైలు కూత వినిపించింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. ఇంకోసారి కూసింది. చక్రాల చప్పుడు సన్నగిల్లి, సన్నగిల్లి, వినపడకుండా పోయింది.

మేష్టారు సీట్లోకి జారబడ్డారు. కోపం ఎటు పోయిందో పోయింది. పిండికట్టు చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, కిటికీలోంచి స్టేషన్ వైపు చూశారు.

"ఈ చలిలో, అంత పెట్టె మోసుకుంటూ, స్టేషన్ దాకా ఒక్కత్తీ ఎలా వెళ్ళిందో," అన్నారు చివరికి.

ఆవిడ తాళం తిప్పి ఇంజిన్ ఆపేసింది.

ఆయన నిద్ర లేవకముందే అమ్మాయిని స్టేషన్లో దింపి వచ్చిన ఆ కారులో, ముల్లు మొదటినుంచీ నడిమధ్యలోనే నిలబడి ఉంది.