భద్రాచలం గుండు

గేటు చప్పుడైతే మధులత బయటికి వచ్చింది.

నున్నటి గుండు, నుదుట బొట్టు, చంకలో గుడ్డసంచి. నలభై దాటిన ఆడమనిషి ఎండలో నిలబడి ఉంది.

భద్రాచలం బస్సులు ఆగే ఖమ్మంలో గుండు చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. రాములవారికి తలనీలాలిచ్చి వస్తోందనుకుంది మధులత. లోపలికెళ్లి చేటలో దోసెడు బియ్యం తెచ్చింది.

"బియ్యం వద్దు చెల్లె. దూలయ్య బిడ్డవు నువ్వేనా?"

"అవ్. నాన్న పోయిండు గదా. ఏంది పని?"

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నీ రొమ్ముల గడ్డ గిట్ట ఏమన్న తగుల్తుందా?"

మధులతకు ఒళ్లు మండింది. ముక్కూ మొహం తెలియని మనిషి నడివీధిలో అడిగే మాటేనా అది?

"కోపం చెయ్యకు. నొప్పి లేకున్నా సరే, పెద్ద దవాఖానాకు పోయి చూపించుకో. రక్తపరీక్ష గూడ చేయించుకో. జల్దీ పో."

"ఇదంతా నీకెందుకు?"

"ఎందుకంటే..."

అంతలో తల్లి కళావతి లోపలి నుంచి వచ్చింది. వచ్చినామె మొహం చూడగానే కూతురి రెక్క పట్టి లోపలికి లాగింది. గేటుకు గొళ్లెం పెట్టింది.

"మళ్ల ఈ గడప దిక్కు వస్తే మంచిగుండదు. పో."

"నాకేం వద్దమ్మా. పిల్లకు చూపియ్యి, చాలు."

గేటు ఊచలు పట్టుకుని ఆమె చాలాసేపు నిలబడింది. తర్వాత వెళ్లిపోయింది.

"ఎవరమ్మా ఆమె?"

"పిచ్చిది. గసోంటోళ్ల మాట పట్టించుకోకు."

మధులత పట్టించుకోలేదు. స్నానం చేస్తుంటే కందిగింజంత ఏదో చేతికి తగిలిన రోజున కూడా ఆ పిచ్చిదాని మాటే గుర్తొచ్చి, చిరాకుపడి ఊరుకుంది.

మరుసటి ఏడు పెద్దాసుపత్రిలో డాక్టర్ రాజ్యశ్రీ రిపోర్టులు పక్కన పెట్టింది.

"క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది మధులతా. దీనికి కారణం పుట్టుకతో వచ్చిన తేడా. కణాలు అదుపు తప్పకుండా చూసే జన్యువు ఒకటుంటుంది. నీలో అది సగం పనే చేస్తోంది. మీ అమ్మ రక్తంలో ఆ తేడా లేదు. అంటే నాన్న దిక్కు నుంచి వచ్చింది."

"మగవాళ్ల నుంచి గూడ వస్తదా మేడం?"

"వస్తుంది. వాళ్ల దిక్కు ఎవరికైనా ఉందని ముందే తెలిస్తే, కందిగింజంత ఉన్నప్పుడే పట్టుకునేవాళ్లం."

"నాన్నకు తోడబుట్టినోళ్లే లేరు మేడం."

పక్కనున్న కళావతి గోడ పట్టుకుని నిలబడింది.

మందులు ఎక్కించాక మధులత జుట్టు దోసిళ్లకు దోసిళ్లు ఊడింది. మిగిలింది గొరిగించుకుని ఆటో దిగి గేటు తీస్తుంటే, పక్కింటి భవాని పలకరించింది.

"భద్రాచలం పోయొచ్చినవా మధూ?"

మధులత చెయ్యి గొళ్లెం మీదే ఆగిపోయింది. ఇంట్లోకి పరుగులాంటి నడకతో వెళ్లింది.

"అమ్మా, ఆ గుండామె మొక్కు తీర్చుకున్న మనిషి కాదు గదా? ఆమెకూ గిదే రోగం గదా?"

కళావతి కూతురి గుండు వైపు చూసింది.

"ఇంట్ల వాటా అడగనీకి వచ్చిందనుకున్న బిడ్డా."

"వాటా ఏంది? ఏడుంటది ఆమె? నేను పోయి కాళ్ల మీద పడత."

"లేదు. వానకాలంల పోయిందని కబురొచ్చింది."

"ఎవరమ్మా ఆమె?"

కళావతి తల గోడకేసి కొట్టుకుంది.

"ముత్యాలు. మీ నాయిన చర్ల అడవిల విడిచిపెట్టొచ్చిన మొదటి పెళ్లాం బిడ్డ. నీ అక్క."