తాళం ఇవ్వని అమ్మాయి

"దిగండి సార్" అంది శిక్షకురాలు, బండి తాళం తీసి జేబులో వేసుకుంటూ.

బస్సు డ్రైవరు దిగలేదు. ఆయన కూర్చున్న నాలుగు చక్రాల బైకు ముక్కు పాత టైర్ల వరసలో దిగబడి ఉంది. కొండబాట ఎక్కే ముందు కొత్తవాళ్ళంతా ఈ చదును నేల మీద మూడు చుట్లు తిరగాలి. ప్రతి చుట్టుకీ సున్నంతో గీసిన గీత దగ్గర బండి ఆపి చూపించాలి. మిగతా ఐదుగురూ, ఆయన కూతురితో సహా, ఆపారు. ఆయన మాత్రం మూడుసార్లూ గీత దాటిపోయి టైర్లను గుద్దాడు.

"నీ బండికి బ్రేకు లేదమ్మాయ్. ముందు అది చూసుకో."

ఆయన దిగాక ఆమె ఎక్కి, తాళం పెట్టి, బండిని వెనక్కి లాగి, ఒక చుట్టు తిప్పి, సరిగ్గా గీత మీద ఆపి, తాళం మళ్ళీ తీసేసుకుంది.

"ఎడమచేతి బ్రేకు నొక్కమన్నాను సార్. మీరు నొక్కలేదు."

"నొక్కాను."

"నొక్కలేదు. కొండ దిగేటప్పుడు బండిని పట్టి ఆపేది అదే. మీరు పైకి రావడానికి లేదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. హెల్మెట్ లోపల డ్రైవరు చెవులు భగ్గుమన్నాయి.

"ముప్ఫై ఏళ్ళుగా బస్సు నడుపుతున్నాను. రోజూ యాభై మంది నన్ను నమ్ముకుని నిద్రపోతారు. నిన్నగాక మొన్న పుట్టినదానివి, నువ్వు నాకు బ్రేకు నేర్పుతావా?"

"మీరెంతన్నా తాళం మాత్రం ఇవ్వను సార్" అంది ఆమె నెమ్మదిగా.

"వదిలెయ్ నాన్నా, నేనూ వెళ్ళను. ఇద్దరం ఇక్కడే కూర్చుని టీ తాగుదాం" అంటూ కూతురు చెయ్యి పట్టుకోబోయింది. ఆయన అప్పటికే రేకుల షెడ్డులో ఉన్న ఆఫీసు వైపు విసవిసా నడుస్తున్నాడు.

ఓనరు హెల్మెట్లకు అంటిన బురద తుడుస్తున్నాడు. డ్రైవరు ఆయన్ని నోరు మెదపనివ్వలేదు. వచ్చే నెలలో డిపో నుంచి నలభై మందిమి ఇక్కడికే వద్దామనుకున్నామనీ, ఇలాంటి మర్యాద అయితే ఒక్కడు కూడా ఈ ఛాయలకు రాడనీ చెప్పాడు. ఓనరు శిక్షకురాలిని పిలిపించాడు.

"పెద్దాయన నొచ్చుకున్నారు. సారీ చెప్పి తాళం ఇచ్చెయ్, గొడవ వదిలిపోతుంది."

"సారీ చెబుతాను. తాళం ఇవ్వను."

"ఎందుకివ్వవో చెప్పు మరి."

ఆమె డ్రైవరు వంక చూసింది. గుమ్మంలో నిలబడ్డ ఆయన కూతురి వంక చూసింది. ఏదో అనబోయి ఆగిపోయింది.

"ఇవ్వను సార్, అంతే."

"ఇంత పొగరు మా దగ్గర పనికిరాదు. రేపటి నుంచి రానక్కర్లేదు."

ఆమె తాళం బల్ల మీద పెట్టింది. మెడలోని విజిల్ తీసింది. చేతి తొడుగులు ఒకదానిమీద ఒకటి పేర్చి దాని పక్కన పెట్టింది. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

"రండి సార్, నేనే దగ్గరుండి తీసుకెళ్తాను" అన్నాడు ఓనరు నవ్వు పులుముకుని.

డ్రైవరు ఆయన వెంట వెళ్ళలేదు. గెలిచాడు. కానీ పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఒకప్పుడు ఎవరో ప్రయాణికుడు ఫిర్యాదు చేస్తే తను మేనేజరు బల్ల ముందు తల వంచుకుని నిలబడ్డాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం తినలేకపోయాడు. ఇప్పుడు తనే ఒక ఆడపిల్ల నోటి దగ్గర కూడు తీశాడు.

"ఇప్పుడు తృప్తిగా ఉందా నాన్నా?" అంది కూతురు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి.

"నువ్విక్కడే ఉండు, ఇప్పుడే వస్తాను" అని రోడ్డు వెంట కిందికి దిగాడు.

బస్టాపు బల్ల మీద ఆమె ఒక్కతే కూర్చుని, బురద బూట్లు విప్పి చెప్పులు వేసుకుంటోంది. ఆయన వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"నోరు జారానమ్మా. నలుగురిలో నవ్వేసరికి ఒళ్ళు మండింది. పద, మీ ఓనరుతో నేను మాట్లాడతాను. తప్పు నాదేనని చెబుతాను."

ఆమె సంచీ జరిపి ఆయనకు చోటిచ్చింది.

"నా ఉద్యోగం సంగతి తర్వాత బాబాయ్ గారూ. రేపు మీకు డ్యూటీ ఉందా?"

"పొద్దున అయిదింటి బస్సు. ఏం?"

"షెడ్డులోనే చెబుదామనుకున్నాను. ఓనరు ముందు, మీ అమ్మాయి ముందు, ఒక డ్రైవరుకి చెప్పే మాట కాదని ఊరుకున్నాను."

"ఏమిటా మాట?"

ఆమె రెండు చేతులూ ముందుకు చాపింది. "నా చేతులు పట్టుకోండి. రెండూ. నా ముఖంలోకే చూస్తూ గట్టిగా నొక్కండి."

క్షమించానని చెప్పడానికి ఇదొక పద్ధతి కాబోలనుకున్నాడు ఆయన. పిల్ల మనసు మంచిది. కళ్ళు చెమ్మగిల్లాయి. చేతులు అందుకుని నొక్కాడు.

"రెండు చేతులతోనూ నొక్కుతున్నారా?"

"నొక్కుతున్నా తల్లీ. ఇంకా బలం పెడితే నీ వేళ్ళు విరిగిపోతాయి."

"అయితే ఇప్పుడు కిందికి చూడండి."

చూశాడు. కుడి పిడికిట్లో ఆమె వేళ్ళు నెత్తురు చుక్క లేనట్టు తెల్లబడిపోయి ఉన్నాయి. ఎడమచెయ్యి ఆమె అరచేతిలో, వేళ్ళు తెరుచుకుని, ఊరికే పడి ఉంది.