రాయి ముందు చీపురు

జనవరి పదకొండు. ఈ ఉదయం కల్లంలో నాయనమ్మ నర్సక్క ఉన్నట్టుండి చీపురు కింద పడేసి, ఇక ఆడనంది.

మాది కర్లింగ్ జట్టు. చలిదేశాల్లో ఈ ఆట మంచు మీద ఆడతారు. సిరొంచలో మంచు లేదు కాబట్టి మేము పేడతో అలికిన కల్లంలో ఇసుర్రాయిని జారిస్తాం. దాని ముందు ఊక ఊడుస్తూ పరుగెత్తితేనే రాయి గురి దాకా చేరుతుంది. రేపే అల్లపల్లి జట్టుతో ఫైనల్. నాయనమ్మలా ఊడ్చేవాళ్లు తాలూకాలోనే లేరు.

"బయలెల్లినోళ్ల ముందల చీపురు పడ్తరానే? పోయినోళ్లు మళ్ల రారు."

"అది రాయి, నాయనమ్మా!"

"రాయైతేంది? మీ తాత ప్రాణహిత దాటిననాడు నేను గిట్లనే వాకిలి ఊడ్సిన."

తాత ఇంకా రాలేదు.

నేను చీపురు తీసి ఆమె చేతికిచ్చాను. "మరి ఇంటికొచ్చేటోళ్ల కోసం ఊడ్వవా?"

"ఊడ్వకుంట ఎట్లనే? జర దుమ్ముంటె ఏమనుకుంటరు?"

రేపు పొద్దున్నే గురి ఉన్నచోట, రాయి మా ఇంటికే వస్తున్నట్టు, మా వాకిటి ముగ్గు వేస్తాను. రాయి పిడికి తాత తువ్వాల కట్టమని నాయనమ్మే చెప్పింది.